వడియాలు, వరుగులు, వట్టి తునకలు

ఆబిడ్స్‌లో ఆదివారం పూట పాత పుస్తకాలు కొనేవాళ్ళు ఇంటికెళ్ళాక దీన్నెక్కడ పెడతాం అన్న ప్రశ్న వేసుకోకూడదు. వేసుకుంటే ఏమీ కొనలేం. షట్టర్లు దించిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద, కాలం చెల్లిన జావా పుస్తకాలకీ గేట్ గైడ్లకీ మధ్య నాకో ఆముక్తమాల్యద దొరికింది. అట్ట లేదు. టైటిల్ పేజీ లేదు. ఏ ప్రచురణో, ఏ సంవత్సరమో తెలీదు. ఎనభై అన్నాడు, అరవైకిచ్చాడు.

మెట్రోలో తిరగేస్తుంటే మొదటి ఆశ్వాసంలో ఒక చోట పెన్సిల్ గీత కనిపించింది. విష్ణుచిత్తుడు విల్లిపుత్తూరులో అతిథులకి భోజనం పెట్టే పద్యం. పాత ఓనరెవరో 'వరుగులు' అన్న మాట కింద గీసి, పక్కన మార్జిన్‌లో బుద్ధిగా 'ఎండబెట్టిన కూరగాయ ముక్కలు' అని రాసుకున్నారు. అదే పేజీలో నాకు అర్థంకాని సమాసాలు అరడజను ఉన్నాయి. వాటి పక్కన ఏ గీతా లేదు. ఎవరో ఎమ్మే తెలుగు చదివిన సిటీ మనిషి అయ్యుండాలి. సంస్కృతం తెలుసు, వరుగు తెలీదు.

నవ్వుకున్నాను. నవ్వుకున్నాక కొంచెం సిగ్గేసింది. నాకు వరుగు తెలుసు, తినడం తెలుసు. చేయడం ఒక్కసారి కూడా చేయలేదు.

ఆ పద్యం గురించి తెలుగు చదువుకున్నవాళ్ళు చాలామందే వినుంటారు. మూడు కాలాలకి మూడు పద్యాలు, మూడు మెనూలు. వానాకాలంలో వేడి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు రకాల కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యటి చారు, పలచటి అంబలి, చెరుకు రసం, కొబ్బరి నీళ్ళు, పళ్ళు, మజ్జిగ. చలికాలంలో కొత్త బియ్యపు అన్నం, మిరియాలపొడి తగిలిన వేడి వేడి కూరలు, ముక్కు అదరగొట్టే ఆవపచ్చళ్ళు, చెయ్యి చురుక్కుమనే నెయ్యి. 1509 నుంచి 1529 దాకా రాజ్యం ఏలిన మనిషికి చారు ఎప్పుడు తియ్యగా ఉండాలో, నెయ్యి ఎంత వేడిగా ఉండాలో తెలుసునని మనం ముచ్చటపడతాం. రాయలు భోజనప్రియుడు, లోకజ్ఞుడు, ఋతువుల్ని నాలుకతో పట్టుకున్న కవి. ఇవన్నీ నిజమే. అయితే ఈ మెచ్చుకోళ్ళు మూడు పద్యాల్నీ ఒకే వరసలో పెడతాయి. నాకు మాత్రం వానాకాలం పద్యం మిగతా రెండిటి లాంటిది కాదనిపిస్తుంది.

ఎండాకాలం విస్తరిలో ఉన్నవి చాలావరకు ఎండాకాలంలోనే దొరికేవి. చలికాలం విస్తరిలో కొత్త బియ్యం ఆ చలికాలానివే. ఆ రెండు పద్యాల్లో వడ్డించే రోజూ వండిన రోజూ దాదాపు ఒకటే. (ఊరగాయలున్నాయి కదా అంటారేమో, ఉన్నాయి, కానీ వాటిమీద పద్యం నిలబడి లేదు.) వానాకాలం పద్యం అలా కాదు. ఆకాశం నీటి ఊటలా అయిపోయి జడి పట్టిన రోజుల్లో ఆకు మీద వడియం ఉందంటే, అది మూడు నాలుగు నెలల ముందే మొదలైన వంట. వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో ఎవరో మిద్దె మీద గుడ్డ పరిచారు. ఇంకోటి చూడండి. ఆ పద్యంలో పొయ్యిలోకి కట్టెలు కాదు, ఎండిన కొబ్బరి. మామూలు కట్టెలు తడిసి ఉంటాయి కాబట్టి. అంటే పొయ్యి కింద ఉన్నదీ, పొయ్యి మీద వేగుతున్నదీ రెండూ ముందుచూపుతో ఎండలో ఆరబెట్టి దాచినవే. పద్యం మొదట్లో ఆకాశమంతా నీళ్ళు, తర్వాత అంతా పొడి. ఋతువర్ణన అంటే ఆ ఋతువులో కనబడేవి ఏరుకొచ్చి పేర్చడం అనుకుంటాం. ఇక్కడ రాయలు వానని చెప్పడానికి ఎండాకాలాన్ని ఆకు మీద పెట్టాడు.

(మా ఆఫీసులో దీన్ని క్యాషింగ్ అంటాం. ఖరీదైన పని ముందే చేసి దాచుకుని, అవసరం పడ్డప్పుడు చటుక్కున తీయడం. పోలిక బాగానే ఉంది కానీ సర్వర్లకి మోకాళ్ళ నొప్పులుండవు.)

మోకాళ్ళ మాట ఎందుకొచ్చిందంటే, పోయినేడాది అమ్మ ఇక వడియాలు పెట్టనని చెప్పేసింది. ఖమ్మంలో మా ఇంటి మిద్దెకి ఇరవై రెండు మెట్లు. "పెట్టేటప్పుడు ఎక్కడం ఒక్కసారే నాన్నా, తియ్యడానికీ తిప్పడానికీ మబ్బు పట్టినప్పుడల్లా ఉరకడానికీ ఎన్నిసార్లనుకున్నావు" అంది. నేను వెంటనే "పోన్లే అమ్మా, కొనుక్కుందాం, ఇప్పుడన్నీ దొరుకుతున్నాయి" అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు.

బూడిదగుమ్మడి వడియం ఎలా పెడతారో మొత్తం ఆ తర్వాతే అడిగి రాసుకున్నాను. ముందురోజు సాయంత్రం గుమ్మడికాయని సన్నగా తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, పల్చటి గుడ్డలో మూటగట్టి, మీద రుబ్బురోలు పొత్రమో ఇంకేదైనా బరువో పెడితే తెల్లారేసరికి నీళ్ళన్నీ కారిపోతాయి. మినప్పప్పు రాత్రే నానబోసి పొద్దున్నే గట్టిగా రుబ్బుతారు. పిండిలో నీళ్ళు పడ్డాయా వడియం పరుచుకుపోతుంది, వేయిస్తే నూనె తాగుతుంది. పచ్చిమిర్చి, ఇంగువ, జీలకర్ర కలిపి ఎండ ఎక్కకముందే పెట్టేయాలి. రెండోరోజు తిరగెయ్యాలి. మూడు నాలుగు రోజులు కాకులూ, ఉడతలూ, పిల్లలూ. లోపలిదాకా ఎండిందో లేదో చూడాలంటే ఒకటి విరవాలి. వంగితే ఇంకో రోజు, టప్‌మంటే అయిపోయినట్టు.

ఆ టప్‌మనే చప్పుడుకి ఫుడ్ సైన్స్‌లో ఒక అంకె ఉంది. పదార్థంలో ఉన్న నీళ్ళన్నీ సూక్ష్మజీవులకి అందవు. అందే నీటికి వాటర్ యాక్టివిటీ అని ఒక కొలత, శుద్ధమైన నీటికి 1. సుమారు 0.91 కిందకి దిగితే చాలా రకాల బాక్టీరియా పెరగలేవు, 0.6 కిందకి దిగితే బూజు కూడా పెరగదు. ఎండ నీటిని తీసేస్తుంది, ఉప్పు మిగిలిన నీటిని పట్టి ఉంచుతుంది. అమ్మ దగ్గర మీటరు లేదు, చెవి ఉంది. మరి ఇంత కచ్చితమైన జ్ఞానం పుస్తకాల్లోకి ఎక్కేటప్పుడు ఏమవుతోంది?

వంటల పుస్తకాలు చూడండి. మా ఇంట్లో మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' ఉండేది, మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. అరగంటలో అయ్యే వంటకి రెసిపీ అనే రూపం చక్కగా సరిపోతుంది. ఇంత పప్పు, ఇంత చింతపండు, ఇన్ని నిమిషాలు. ఎండబెట్టడం దగ్గరకొచ్చేసరికి ఆ రూపం చేతులెత్తేస్తుంది. పుస్తకాల్లోనూ యూట్యూబ్‌లోనూ నేను చూసిన రెసిపీలు ఎక్కువ భాగం 'బాగా ఎండనిచ్చి డబ్బాలో నిల్వ చేసుకోవాలి' అన్న ఒక్క వాక్యంతో ముగుస్తాయి. ఆ వాక్యంలో నాలుగు రోజులు, ఇరవై రెండు మెట్లు, మబ్బులు, కాకులు, ఆ నాలుగు రోజులూ ఊరికి పోకుండా ఇంటిపట్టున ఉండాల్సిన ఒక మనిషి. వీడియోలో అయితే ఇంకా సులువు. కట్ చేసి, ఎండిపోయిన వడియాలు చూపించేస్తారు. అక్కడ కట్ చేసింది మనిషినే.

ఈ ఫిర్యాదు రాయల మీద కూడా చేయొచ్చు, చేశాను కూడా. మొదటి ఆశ్వాసం పద్యంలో వడ్డించే పుణ్యం విష్ణుచిత్తుడిది, వడియం పెట్టిన చేయి కనబడదు. అక్కడితో ఆగి ఈ వ్యాసం 'రాజకవి శ్రమని మరుగుపరిచాడు' అని ముగించాలనే అనుకున్నాను. కానీ నాలుగో ఆశ్వాసం దాకా చదివితే ఆ తీర్పు నిలబడలేదు. అక్కడ సుదీర్ఘమైన వాన వర్ణన ఉంది, అందులో ఒక సీసపద్యంలో మామూలు ఇల్లాలు వస్తుంది. ఇల్లిల్లూ తిరిగితేగానీ కాస్త నిప్పు దొరకదు. దొరికినా రాజుకోదు. రాజుకున్నాక పొగ. ఒక కష్టం తీరేలోపు ఇంకో కష్టం. పద్యం నడక కూడా అలాగే మెట్టు మెట్టుగా ఉంటుంది. ఒక చక్రవర్తి ఈ విషయం ఎక్కడ చూశాడో, ఎవరిని అడిగాడో! మొదటి ఆశ్వాసంలో కొబ్బరి మంట మీద ఉడికిన అన్నాన్ని నాలుగో ఆశ్వాసం పొగతో కలిపి చదివితే, విష్ణుచిత్తుడి ఇంటి విందు అంత సులువుగా జరిగినట్టు కనపడదు. కాకపోతే మన పాఠాల్లో విందు పద్యం ఒకచోట, పొగ పద్యం ఇంకోచోట. మొదటిది సభల్లో వినిపిస్తారు. రెండోదాన్ని నేను ఏ సభలోనూ వినలేదు.

అన్నట్టు ఆ విస్తరిలో ఎండుమిరపకాయ ఉండదు, చల్ల మిరపకాయ ఉండదు. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో అప్పుడప్పుడే దిగుతున్న రోజులవి. కారమంటే మిరియమూ ఆవాలే. చల్ల మిరపకాయ లేని వానాకాలం ఊహించుకోవడానికి నాకు కష్టంగా ఉంది.

ఆ ఆదివారమే ఆబిడ్స్ నుంచి నడుచుకుంటూ మొజంజాహీ మార్కెట్ దాకా వెళ్ళాను. 1935లో కట్టిన రాతి మార్కెట్, చుట్టుపక్కల డ్రైఫ్రూట్ షాపులు. ఖుబానీ పావుకిలో కొన్నాను. గింజతో సహా ఎండిన, గోధుమరంగు, ముడతలు పడ్డ ఆప్రికాట్లు. నిగనిగలాడే నారింజరంగువి కూడా ఉన్నాయి, వాటికి ఆ రంగు గంధకం పొగ వల్ల నిలుస్తుంది. ఖుబానీ కా మీఠా చేయడం పెద్ద విద్యేమీ కాదు. రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, అదే నీళ్ళలో చక్కెరతో ఉడికించడం. ఓపికుంటే గింజలు పగలగొట్టి లోపలి పప్పు పైన చల్లడం, మీద మీగడ. ఈ ఊళ్ళో చెట్టుకి కాయని పండు, ఎండిపోయి వచ్చి, ఈ ఊరి పెళ్ళిళ్ళ మిఠాయి అయిపోయింది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్‌లో ప్రతి జనవరిలోనూ కశ్మీరీ స్టాళ్ళ ముందు నిలబడి మనం వాసన చూసి కొనుక్కునేవీ ఎండినవే. ఎండిన ఆప్రికాట్‌కి వెండి గిన్నె ఉంది. ఎండిన దోసకాయకి పప్పుగిన్నె ఉంది. ఎండటంలో ఇద్దరూ ఒకటే, కూర్చునే పీటలు వేరు.

మూడో ఎండినదాని గురించి చెప్పడానికే ఇంత దూరం నడిచాను.

ఇంజినీరింగ్ అయ్యాక ఉద్యోగం కోసం కోర్సులు చేస్తూ నాంపల్లి స్టేషన్ వెనకాల ఒక గదిలో ఏడాదిన్నర ఉన్నాం, నేనూ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక స్నేహితుడూ. నా డబ్బాలో అమ్మమ్మ పంపిన మామిడి ఒరుగులూ గోరుచిక్కుడు ఒరుగులూ ఉండేవి. అలమారా మీద మూత కూడా సరిగ్గా పెట్టకుండా పడేసేవాణ్ణి. వాడు ఊరికి పోయొచ్చినప్పుడు వాళ్ళమ్మ కట్టిచ్చిన పొట్లం తెచ్చేవాడు. మూడు కవర్లు, ఒకదాంట్లో ఒకటి, దాని మీద తువ్వాలు. అందులో వట్టి తునకలు. మాంసాన్ని పొడుగ్గా కోసి ఉప్పూ పసుపూ రాసి తాడు మీద ఎండేసినవి. ఒకరోజు వాడు గోంగూరతో వండుతుంటే కింద నుంచి ఇంటాయన పైకొచ్చాడు. అరవలేదు. "ఏం వండుతున్నరు" అని అడిగాడంతే. అడిగి నా వైపు చూశాడు, వాడి వైపు కాదు. నేను "అది నాది కాదండీ" అన్నాను.

నిజంగానే నాది కాదు. కానీ ఆ మాట వినగానే వాడు స్టవ్ ఆపేశాడు. ఆ తర్వాత పొట్లం ఎప్పుడూ రాలేదు. మేం స్నేహితులుగానే ఉన్నాం, ఉన్నాం కూడా. దీని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

షాహూ పాటోళే మరాఠీలో 2015లో 'అన్న హే అపూర్ణబ్రహ్మ' అనే పుస్తకం వేశాడు. 2024లో ఇంగ్లీషులోకి వచ్చింది, నేను చదివింది అదే. మరాఠ్వాడాలోని మహర్, మాంగ్ కులాల వంటల గురించి. అన్నం పూర్ణబ్రహ్మమన్న మాటకి ఎదురుగా, మా అన్నం మీ లెక్కలో ఎప్పుడూ పూర్ణం కాలేదని పేరులోనే చెప్పేస్తాడు. మరాఠ్వాడా 1956 దాకా మనతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. కాబట్టి ఆ పేజీలు చదువుతుంటే పొరుగూరి సంగతిలా అనిపించలేదు. అక్కడి ఎండు మాంసం చదువుతుంటే నాకు నాంపల్లి గదిలో తువ్వాలు చుట్టిన పొట్లమే కనబడింది. ఆ పుస్తకంలో రెసిపీలున్నాయి, కానీ అవి ఎవరు, ఎందుకు, ఏ పరిస్థితిలో వండారన్నది వదిలిపెట్టవు. మాంసం దొరికిన రోజు ఎక్కువ దొరుకుతుంది, దొరకని రోజులు చాలా ఉంటాయి. అందుకే ఎండబెట్టడం. రాయల వానాకాలానికీ దీనికీ ఉన్న తర్కం ఒక్కటే. ఒక ఎండు పదార్థానికి పద్యం దక్కింది, ఇంకోదానికి తువ్వాలు.

దీనికి రాయల్ని తప్పుపట్టడం తేలిక. వైష్ణవుల ఇంటి విస్తరిలో తునకలు ఎక్కడివి అని ఎవరైనా అడిగితే నిజమే, ఆ కథకి ఆ విస్తరే సరి. నా తగువు పద్యంతో కాదు, ఆ పద్యాన్ని 'తెలుగువాడి భోజనం' అని చెప్పుకునే మన అలవాటుతో. అది ఒక ఇంటి భోజనం, చాలా గొప్పగా రాసిన ఒక ఇంటి భోజనం. మిగతా ఇళ్ళకి పద్యాలు రావాల్సి ఉంది. కథల్లో వస్తున్నాయి, దళిత రచయితలు తెస్తున్నారు. వాటిని చదివి మనం 'వాసన' గురించి మాట్లాడతాం. ఆవపచ్చడి ముక్కుకి ఎక్కితే మాత్రం రసానుభూతి.

ఈ వేసవిలో నేనే వరుగులు పెట్టాను. మా అపార్ట్‌మెంట్‌లో టెర్రస్‌కి తాళం. అడిగితే సోలార్ ప్యానెళ్ళున్నాయి, 'కామన్ ఏరియాలో ఆహార పదార్థాలు ఆరబెట్టరాదు' అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. బాల్కనీలో రోజుకి మూడు గంటల ఎండే. దోసకాయలు చక్రాలుగా కోసి, ఉప్పు రాసి, స్టీలు పళ్ళాల్లో పెట్టాను. మూడో రోజుకి ఎండిపోయాయనుకుని, పళ్ళెం వేడిగా ఉండగానే సీసాలోకి ఎత్తి మూత బిగించాను. వారంలో తెల్లటి బూజు. ఫోన్ చేస్తే అమ్మ పగలబడి నవ్వింది. "వేడి మీద మూత పెడితే లోపల చెమట పట్టదా? చల్లారనిచ్చి, రాత్రంతా గుడ్డ కప్పి ఉంచి, పొద్దున్నే ఎత్తాలి. పెద్ద సీసాలో ఎందుకు పోశావు? తీసినప్పుడల్లా గాలి పోతది. చిన్న చిన్నవాటిల్లో పొయ్యి. శ్రావణం రాకముందు ఒకసారి మళ్ళీ ఎండలో పెట్టు." రెండోసారి ముక్కలు ఇంకా పల్చగా కోసి, ఆరు రోజులు తిప్పాను. ఆరో రోజు టప్‌మంది. అమ్మకి ఫోన్లో ఆ చప్పుడు వినిపించాను, ఇంకొకటి విరిచి చూపించమంది.

జులైలో పట్టిన ముసురుకి నాలుగు ముక్కలు వేడినీళ్ళలో నానబెట్టి కందిపప్పులో వేశాను. పచ్చి దోసకాయ పప్పులా ఉండదది. పులుపు లోపలికి ఇంకిపోయి, ముక్క నమిలితే కొంచెం సాగుతుంది.

తింటూ పాలమూరు స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. ఏం రాయాలో తెలీక, రాసి చెరిపి, చివరికి నాంపల్లి గది సంగతి ఉన్నదున్నట్టు రాశాను. నేనన్న మాట కూడా రాశాను. తునకలు వాళ్ళమ్మ ఎలా ఎండేసేదో చెప్పమని అడిగాను. రెండు రోజులు నీలి టిక్కులు తప్ప ఏమీ లేదు. మూడోరోజు రాత్రి వాయిస్ నోట్ వచ్చింది, నాలుగు నిమిషాలది. మొదటి నిమిషం ఆఫీసు సంగతులే చెప్పాడు. తర్వాత, "అమ్మనే పక్కకున్నది, ఆమెనే చెప్తదట, విను" అన్నాడు. ఆవిడ గొంతు: "ముందుగాల తాడు మంచిగ గట్టిగ కట్టుకోవాలె బిడ్డా..."